మన జెండా: బెజవాడ మొదలు విదురాశ్వత్థం వరకు

ఉగాదినాడు గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టనిదే మన తెలుగువారికి పండుగ పండుగగా తోచదు. సొంత ఊరు విడిచి, కూటికోసం కోలారు సీమకు వచ్చి, ఈ వేమగల్‌లో ఇల్లు కట్టుకున్న మావంటివారికి ఆ తోరణం మరికొంత ముఖ్యం. వీధిన పోయేవారికి అది ఈ ఇంట పండుగ ఉన్నదని చెబుతుంది, ఇంటివారికి తాము ఎవరో జ్ఞాపకం చేస్తుంది. ఇంటికి తోరణం ఎట్లో దేశానికి జెండా అట్లు. కావున ఈ ఉగాది సంచికలో జెండాను గూర్చి నాలుగు మాటలు వ్రాయడం అప్రస్తుతం కాదని తలచినాము.

ఈ తలంపు కలగడానికి చిన్న కారణం ఉన్నది. మా సంఘంవారు ఏటేటా ఆగస్టు 15వ తేదీన పిల్లలను ప్రోగుచేసి జెండా ఎగురవేస్తారు, మిఠాయిలు పంచుతారు. పెద్దలలో ఎవరో ఒకరు లేచి, "ఈ జెండాను తయారుచేసినది మన తెలుగువాడే" అనడం, మేమందరం చప్పట్లు చరచడం రివాజు. ఒక సంవత్సరం మా వీధి చివరనున్న పెద్దాయన ఒకరు వచ్చి కూర్చున్నారు. ఆయన ఇక్కడనే పుట్టి పెరిగినవారు, ఇంట తెలుగు, బడిలో కన్నడం నేర్చినవారు. మా ఉపన్యాసం అంతా విని, సభ ముగిసిన తరువాత మెల్లగా ఇట్లన్నారు: "సామీ, మీవాడు గీసినాడు, సరే. దాన్ని ఎగరేసేదానికని మా జిల్లాలో జనం గుండ్లకు సచ్చినారే, ఆ కత మీలో ఎవురికన్నా తెలుసునా?"

మాలో ఒక్కరికీ తెలియదు. ఆనాడు మాకు కలిగిన సిగ్గు ఇంతింత కాదు. ఏళ్లుగా ఈ జిల్లా నీళ్లు త్రాగుతూ, ఈ జిల్లా కథ ఎరుగక, మన గొప్ప మాత్రం చెప్పుకొంటూ ఉన్నాము. అటుపిమ్మట పుస్తకాలు చదివినాము, పెద్దలను అడిగినాము, ఆ స్థలానికి స్వయముగా వెళ్లి చూచి వచ్చినాము. తెలిసిన సంగతులలో కొన్ని మన గర్వాన్ని పెంచేవి, కొన్ని దానిని సరిదిద్దేవి. రెండింటినీ దాచకుండా పాఠకుల ముందు ఉంచుతున్నాము.

జెండాకు ముందు జెండాలు

మన దేశానికి ఒక జెండా ఉండాలన్న కోరిక ఒక్కరోజున, ఒక్కరి తలలో పుట్టినది కాదు. బంగాళ విభజనకు వ్యతిరేకంగా ఉద్యమం సాగుతున్న రోజులలో, 1906 ఆగస్టు 7వ తేదీన కలకత్తాలోని పార్సీ బాగాన్ తోటలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చారల జెండా ఒకటి ఎగిరింది. పైచారపైన ఎనిమిది తామరపూలు, నడుమ దేవనాగరి లిపిలో వందేమాతరం అన్న మాట, అడుగున సూర్యచంద్రుల బొమ్మలు. మరుసటి సంవత్సరం, అనగా 1907 ఆగస్టులో, జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సోషలిస్టు మహాసభలో మేడమ్ కామా అటువంటి జెండానే విప్పి చూపించినారు. 1917లో అనిబిసెంటమ్మగారు, తిలక్ మహాశయుడు నడిపిన హోంరూలు ఉద్యమానికి మరొక జెండా ఏర్పడింది. అందులో అయిదు ఎర్రచారలు, నాలుగు పచ్చచారలు, ఏడు నక్షత్రాలు ఉండేవి. కాని ఒక మూలన బ్రిటిషువారి యూనియన్ జాక్ కూడా ఉండేది. స్వంత ఇల్లు కావాలని అడుగుతూనే గుమ్మానికి అద్దె యజమాని పేరుపలక ఉంచుకొన్నట్లు అది చాలమందికి నచ్చలేదు.

ఈ వరుసలోనే మన పింగళి వెంకయ్యగారు వస్తారు.

వెంకయ్యగారు కృష్ణాజిల్లాలో మచిలీపట్నానికి చేరువనున్న భట్లపెనుమర్రులో జన్మించినారు. యౌవనంలో సైన్యంలో చేరి, బోయరు యుద్ధకాలంలో దక్షిణాఫ్రికాకు వెళ్లినారు. అక్కడనే గాంధీజీతో పరిచయమైనది. తిరిగివచ్చిన తరువాత ఆయన చేయని పని లేదు. పత్తిసాగుపై ప్రయోగాలు చేసి "పత్తి వెంకయ్య" అనిపించుకొన్నారు, జపాను భాష నేర్చి "జపాన్ వెంకయ్య" అయినారు, రత్నాల శాస్త్రం తెలిసి "డైమండ్ వెంకయ్య" అయినారు. మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావుగారు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసినారు. ఇన్ని పనులలోను ఆయనను విడవక వెంబడించిన ధ్యాస ఒక్కటే, మన దేశానికొక జెండా కావాలని. 1916లో ఆయన భారతదేశానికి జాతీయ పతాకం అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చువేసినారు. ఇతర దేశాల జెండాలను వర్ణించి, మన దేశానికి తగినవని తాను భావించిన ముప్పై నమూనాలను అందులో చూపించినారు. కాంగ్రెసు సభ ఎక్కడ జరిగినా ఆయన ఆ నమూనాలు చంకన పెట్టుకొని వెళ్లేవారట.

ఒక ఉపాధ్యాయుడు, చేతిలో పెద్ద ధనం లేనివాడు, తనను ఎవరూ అడగకుండానే ఇన్ని సంవత్సరాలు ఒకే విషయాన్ని పట్టుకొని తిరగడం సామాన్యమా? వెంకయ్యగారి అసలు గొప్ప ఈ పట్టుదలలోనే ఉన్నదని మా అభిప్రాయం.

బెజవాడ సభ

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసు కమిటీ సమావేశం బెజవాడలో జరిగింది. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటి సభ్యులు, దేశమంతటా ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించినది ఆ సభలోనే. ఆ సందర్భంలో గాంధీజీ వెంకయ్యగారిని పిలిచి, ఎరుపు, ఆకుపచ్చ రంగుల నేలపై రాట్నం బొమ్మతో ఒక జెండా గీసి ఇమ్మన్నారు. వెంకయ్యగారు మూడుగంటలలో గీసి ఇచ్చినారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు గుర్తని అప్పటి భావన.

ఇక్కడ నిజం చెప్పవలసి ఉన్నది. రాట్నం బొమ్మ ఉండాలన్న సూచన జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌గారిది. ఆ తరువాత గాంధీజీ ఆలోచించి, మిగిలిన మతాలవారందరికీ గుర్తుగా తెలుపు కూడా ఉండాలన్నారు. అదే ఏప్రిల్ 13వ తేదీ "యంగ్ ఇండియా" పత్రికలో ఆయన ఈ వృత్తాంతమంతా వ్రాసినారు. వెంకయ్యగారి పట్టుదలను మెచ్చుకొంటూనే, అంతకుముందరి నమూనాలేవీ తన మనస్సును కదిలించలేదని కూడ దాపరికం లేకుండా చెప్పినారు. రంగుల వరుసలో తెలుపు పైన, ఆకుపచ్చ నడుమ, ఎరుపు అడుగున ఉంచడానికి కారణం కూడ చెప్పినారు. సంఖ్యలో తక్కువవారికి మొదటి స్థానం, ఎక్కువవారు అడుగున నిలిచి వారిని మోయాలి. ఇల్లు కట్టేటప్పుడు బరువైన రాయి పునాదిలో వేస్తాము గదా, అటువంటి న్యాయమిది.

కావున జెండాను "తయారుచేసినవాడు" ఒక్కడే అని చెప్పడం సరికాదు. తెలుగువాడు గీసినాడు, పంజాబువాడు రాట్నం ఇచ్చినాడు, గుజరాతువాడు తెలుపు కలిపినాడు. వెంకయ్యగారి కీర్తికి ఇందువల్ల లోటు ఏమీ రాదు. నలుగురు చేయివేయనిదే నిలవని పందిరికి మొదటి గుంజ నాటినవాడు ఆయన.

రంగుల తగవు

ఈ జెండాను కాంగ్రెసు అప్పుడు తీర్మానం చేసి అంగీకరించలేదు. అయినను జనం అంగీకరించినారు. 1923లో నాగపూరులో ఈ జెండాను ఊరేగింపుగా తీసుకొనిపోరాదని అధికారులు అడ్డగించినారు. దేశం నాలుగు మూలలనుండి సత్యాగ్రహులు వచ్చి, జెండా పట్టుకొని జైళ్లకు నడిచినారు. జమ్నాలాల్ బజాజ్ ప్రారంభించిన ఆ సత్యాగ్రహాన్ని ఆయన అరెస్టయిన తరువాత సర్దార్ పటేల్ ముగింపునకు తెచ్చినారు. 1929 డిసెంబరు 31వ తేదీ అర్ధరాత్రి లాహోరులో రావీనది ఒడ్డున జవహర్‌లాల్ నెహ్రూ పూర్ణస్వరాజ్యం చాటుతూ ఎగురవేసినది మూడురంగుల జెండానే.

ఇంతలో రంగులపై తగవు బయలుదేరింది. రంగులు మతాలకు గుర్తులైతే మా రంగు ఏది అని సిక్కులు అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. 1931లో కరాచీలో ఏడుగురు సభ్యుల జెండా కమిటీని నియమించినారు. దానికి సంధానకర్త మన మచిలీపట్నపు డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు. కమిటీవారు రంగుల తగవు లేకుండా జెండా అంతా ఒకే కాషాయరంగులో ఉండాలని సలహా ఇచ్చినారు. అదే సంవత్సరం ఆగస్టులో బొంబాయిలో కూడిన కాంగ్రెసు కమిటీ ఆ సలహాను ఒప్పుకోలేదు. కాషాయం పైన, తెలుపు నడుమ, ఆకుపచ్చ అడుగున, తెలుపులో నీలిరంగు రాట్నం అని నిర్ణయించింది. అంతకన్న ముఖ్యమైన మాట ఒకటి ఆ తీర్మానంలో ఉన్నది. ఈ రంగులు ఏ మతానికీ గుర్తులు కావు, కాషాయం ధైర్యత్యాగాలకు, తెలుపు శాంతిసత్యాలకు, ఆకుపచ్చ విశ్వాసశౌర్యాలకు గుర్తులు అని. ఆ నెల 30వ తేదీన దేశమంతటా జెండాపండుగ జరిగింది.

ఈ విధంగా పదేళ్లలో జెండా రూపు మారింది, రంగుల వరుస మారింది, అర్థం కూడ మారింది. ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పుకొంటూ చెప్పుకొంటూ పెరిగిన జెండా ఇది.

విదురాశ్వత్థం

ఇక మన జిల్లా మాటకు వద్దాము. కోలారు ఆ రోజులలో మైసూరు సంస్థానంలోనిది. సంస్థానాలలో జెండా సమస్య మరింత చిక్కైనది. మహారాజావారికి గండభేరుండ చిహ్నంతో సొంత పతాకం ఉన్నది. ఆ మహారాజుపైన బ్రిటిషువారి యూనియన్ జాక్ ఉన్నది. ఈ రెంటి నడుమ ప్రజలు తమదంటూ మూడవ జెండా పట్టుకొంటే అది రాజద్రోహమని దర్బారువారి భావన.

1938 ఏప్రిల్‌లో మండ్యజిల్లా మద్దూరు దగ్గరనున్న శివపురంలో మైసూరు కాంగ్రెసు మొదటి మహాసభ టి. సిద్ధలింగయ్యగారి అధ్యక్షతన జరిగింది. జెండా ఎగురవేయరాదని నిషేధం ఉన్నది. అయినను ఎగురవేసినారు, అరెస్టులైనాయి. ఆ వార్త సంస్థానమంతటా పాకింది. ఊరూర జెండా సత్యాగ్రహం మొదలైనది.

గౌరిబిదనూరు తాలూకాలో, హిందూపురం పోయే త్రోవలో, ఉత్తర పినాకినీ నది ఒడ్డున విదురాశ్వత్థం అనే చిన్న క్షేత్రం ఉన్నది. భారతంలోని విదురుడు నాటిన రావిచెట్టు అక్కడ ఉండేదని స్థలపురాణం. అందువల్లనే ఆ పేరు వచ్చింది. సంతానం కోరినవారు ప్రతిష్ఠించిన నాగశిలలు వేలసంఖ్యలో అక్కడ ఉన్నాయి. 2007లో చిక్కబళ్లాపురం వేరు జిల్లా అయినది గాని, 1938లో ఆ తాలూకా మన కోలారు జిల్లాలోనిదే. అక్కడి రైతులలో ఇంట తెలుగు మాట్లాడేవారే మెండు.

1938 ఏప్రిల్ 25వ తేదీన అక్కడ జనం గుమిగూడినారు. సభ జరపరాదని, జెండా ఎగురవేయరాదని ఉత్తరువు ఉన్నది. జనం చేతిలో ఆయుధాలు లేవు. చుట్టుపట్ల పల్లెల రైతులు, కూలీలు, ఆడవారు, పిల్లలు ఉన్నారు. పోలీసులు తుపాకులు పేల్చినారు. ఆనాడు నేలకూలినవారు ముప్పై ఇద్దరని ఆ ప్రాంతపు ప్రజలు చెబుతారు. సర్కారు ఒప్పుకొన్న లెక్క దానికన్న తక్కువ. పంజాబులో 1919లో జరిగిన ఘోరం మదిలో మెదలి, ఆ చోటును కర్ణాటక జలియన్‌వాలా బాగ్ అని పిలువసాగినారు.

ఆ చచ్చినవారిలో జెండా నమూనా గీసినవారు ఎవరూ లేరు. కాషాయానికి ఏమి అర్థం, ఆకుపచ్చకు ఏమి అర్థం అని బొంబాయి తీర్మానం చదివినవారు ఎందరున్నారో! కాని ఆ గుడ్డను ఆ కొయ్యకు కట్టడానికి తమకు హక్కు ఉన్నదని మాత్రం వారికి తెలుసు. అది చాలింది.

ఈ వార్త విని గాంధీజీ కలతచెందినారు. సర్దార్ పటేల్, ఆచార్య కృపలానీ మే నెలలో మైసూరు రాజ్యానికి వచ్చి దివాను సర్ మీర్జా ఇస్మాయిల్‌గారితో మాట్లాడినారు. కుదిరిన ఒడంబడికలో కాంగ్రెసుకు గుర్తింపు వచ్చింది. ఉత్సవ సందర్భాలలో సంస్థానపు పతాకంతోపాటు మూడురంగుల జెండా కూడ ఎగురవేయవచ్చును, కేవలం కాంగ్రెసు సభలైతే కాంగ్రెసు జెండా ఒక్కటే చాలు అని నిర్ణయమైనది. కాల్పులను విచారించడానికి నియమించిన కమిటీకి అధ్యక్షత వహించినవారు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన సర్ వేపా రామేశంగారు. చూడండి, జెండా గీసినవాడు తెలుగువాడు, దానికోసం ఒరిగినవారిలో తెలుగు మాట్లాడేవారు, విచారణకు కూర్చున్నవారు కూడ తెలుగువారే. తెలుగుదనం ఒక్కటే ఎవరిని ఎటు నిలుపుతుందో చెప్పజాలదు. ఎటు నిలబడినారన్నదే లెక్క.

ఈ జిల్లాలోనే క్యాసంబళ్లిలో పుట్టిన కె. చెంగలరాయరెడ్డిగారు మైసూరు కాంగ్రెసు నాయకులలో ఒకరై, 1947 అక్టోబరులో మైసూరు రాజ్యపు మొదటి ముఖ్యమంత్రి అయినారు. దేశమంతటా ఆగస్టు 15న స్వాతంత్ర్యం రాగా, ఇక్కడి ప్రజలు బాధ్యతాయుత ప్రభుత్వంకోసం "మైసూరు చలో" అంటూ మరి రెండు నెలలు పోరాడవలసి వచ్చింది. ఆ పోరాటానికి 1938లో ఒరిగినవారి జ్ఞాపకం తోడున్నదనడంలో సందేహం లేదు.

ఐసులాండువారి ముచ్చట

రంగుగుడ్డ ఎగిరితే ప్రభుత్వాలకు అంత భయమెందుకని మీరు అడగవచ్చును. ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. ఐరోపాకు వాయవ్యాన సముద్రం మధ్య ఐసులాండు అనే చిన్న దేశం ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో ఆ దేశపు జనం అంతా కలిపి లక్షకు లోపు. వారు డెన్మార్కు రాజు ఏలుబడిలో ఉండేవారు. ఎగురవలసినది డెన్మార్కు జెండా. కాని ఐసులాండు యువకులు నీలిరంగు గుడ్డపై తెల్లని శిలువతో తమకొక జెండా కల్పించుకొన్నారు.

1913 జూన్ 12వ తేదీన రేక్యవిక్ రేవులో ఐనార్ పేటుర్సన్ అనే యువకుడు చిన్న పడవకు ఆ జెండా కట్టి, తెడ్లు వేసుకొంటూ పోతున్నాడు. డెన్మార్కు కాపలా ఓడవారు అది చూచి పడవను ఆపి, జెండాను లాగుకొన్నారు. అంతే. ఆ కబురు ఊరంతా తెలిసి, జనం ఇండ్లపై నీలితెల్ల జెండాలు ఎత్తినారు, సభ చేసినారు. అంతవరకు కొందరి కోరికగా ఉన్నది అందరి కోరిక అయినది. 1915లో రాజు జెండాను ఒప్పుకొన్నారు. ఇతర దేశాల జెండాలతో పోలిక రాకుండా తెల్లని శిలువలో ఎర్రని శిలువ చేర్చినారు. నీలం సముద్రానికి, కొండలకు, తెలుపు మంచుకు, ఎరుపు అగ్నిపర్వతాల నిప్పుకు గుర్తులని అక్కడివారు చెప్పుకొంటారు. 1918లో వారి దేశం సార్వభౌమ రాజ్యమైనది, 1944 జూన్ 17న రిపబ్లిక్ అయినది.

రేక్యవిక్‌లో జెండా మాత్రమే పోయింది. విదురాశ్వత్థంలో ప్రాణాలు పోయినవి. కాని రెండుచోట్లా కనిపించే ధర్మం ఒక్కటే. లాగివేసేదాక అది కొందరు ఇష్టపడ్డ గుడ్డ, లాగివేసిన మరునాటినుండి అది జెండా. నిషేధించినవారే దానికి విలువ కట్టినారు.

రాట్నం పోయి చక్రం వచ్చుట

1947లో స్వాతంత్ర్యం దాపునకు రాగా, రాజేంద్రప్రసాద్‌గారి అధ్యక్షతన ఒక కమిటీ జెండాను పరిశీలించింది. జూలై 22వ తేదీన రాజ్యాంగసభలో నెహ్రూ తీర్మానం ప్రవేశపెట్టినారు. మూడు రంగులు అట్లే ఉంచి, రాట్నం స్థానంలో సారనాథ్‌లోని అశోకుని సింహస్తంభంపై ఉన్న ధర్మచక్రాన్ని ఉంచినారు. ఇరవైనాలుగు ఆకుల చక్రమది, ముదురు నీలిరంగు. కారణం తేలికైనదే. జెండాకు రెండు వైపులు ఉంటాయి. రాట్నం బొమ్మ ఒకవైపునుండి చూస్తే చక్రం ఎడమన, కదురు కుడిన ఉంటాయి, రెండవవైపునుండి తారుమారవుతాయి. చక్రం ఎటు చూచినా చక్రమే. ఈ మార్పులో బద్రుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య సురయ్యా త్యాబ్జీల పాలు కూడ ఉన్నదని చెబుతారు. రాట్నం పోయినందుకు గాంధీజీ మొదట నొచ్చుకొన్నారు. ఆగస్టు 14 అర్ధరాత్రి, భారతస్త్రీల పక్షాన హంసా మెహతాగారు ఆ జెండాను రాజ్యాంగసభకు సమర్పించినారు.

వెడల్పు రెండుపాళ్లైతే పొడవు మూడుపాళ్లు, మూడు చారలూ సమానం. 1951లోనే జెండాకు కొలతలు, నేత, రంగు నిర్ణయించే ప్రమాణాలు ఏర్పడినవి. తొమ్మిది పరిమాణాలలో జెండాలు తయారవుతాయి. అన్నింటికన్న పెద్దది 6,300 మిల్లీమీటర్ల పొడవు, 4,200 మిల్లీమీటర్ల వెడల్పు. అన్నింటికన్న చిన్నది 150 మిల్లీమీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల వెడల్పు, అనగా మేజాబల్లపై నిలిపేది. ఆ ప్రమాణాల ప్రకారం ఖద్దరుజెండాలు తయారుచేయడంలో పేరెన్నికగన్నది మన కర్ణాటకలోనే, హుబ్బళ్లి బెంగేరిలోని ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘం. 1957లో స్థాపితమైన ఆ సంస్థలో నూలు వడకడం, నేయడం, కుట్టడం మొదలైన పనులు చేసేవారిలో స్త్రీలే హెచ్చు. నమూనా కృష్ణాజిల్లావాడిది, ఒరిగిన ప్రాణాలు కోలారు జిల్లావి, వడికే చేతులు ఉత్తర కర్ణాటకవి. 

చాలకాలం మామూలు పౌరులు ఇంటిపై ఏడాది పొడుగునా జెండా ఎగురవేయడానికి వీలుండేది కాదు. 2002 జనవరి 26నుండి అమలులోనికి వచ్చిన జెండా నియమావళి ఆ అడ్డు తొలగించింది. జెండాను మర్యాదగా ఎగురవేయడం పౌరుని హక్కేనని 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2021 డిసెంబరులో నియమాలు సవరించి పాలిస్టరుగుడ్డకు, మరనేతకు కూడ అనుమతి ఇచ్చినారు. ఇప్పుడు సంతలో జెండా పది రూపాయలకే దొరుకుతున్నదని సంతోషించేవారున్నారు, ఖద్దరు వడికే చేతులకు పని తగ్గుతుందని చింతించేవారున్నారు. మేము రెండోవారి పక్షం.

మేము చూచినది

ఆ పెద్దాయన మాట విన్న కొన్ని నెలలకు మేము కొందరం కలసి చిక్కబళ్లాపురం, గౌరిబిదనూరు మీదుగా విదురాశ్వత్థం వెళ్లినాము. వీరుల స్మారకం ముందు నిలబడినాము. స్వాతంత్ర్యోద్యమ చిత్రాలు పెట్టిన గదులు చూచినాము. మా వెంట వచ్చిన పిల్లలు నాగశిలలు లెక్కపెట్టబోయి అలసిపోయి విడిచిపెట్టినారు. అక్కడ పారే ఉత్తర పినాకిని మనకు పరాయి ఏరు కాదు. నందికొండలలో పుట్టి, ఈ క్షేత్రం ప్రక్కగా పోయి, అనంతపురం, కడప, నెల్లూరు సీమలను తడిపి సముద్రంలో కలిసే మన పెన్ననే ఇక్కడివారు అట్లు పిలుస్తారు. గాంధీజీ జబ్బుచేసి 1927లో విశ్రాంతి తీసుకొన్నది ఆ నందికొండపైననే.

మా బృందంలో అనంతపురంవారు ఒకరు ఉన్నారు. ఆయన ఏటిలో దిగి కాళ్లు కడుక్కొని, "ఇన్నాళ్లు మనం పరాయిచోట ఉన్నామనుకొన్నాము గదా" అన్నారు. తక్కినవారం ఏమీ అనలేదు.

వెంకయ్యగారు 1963 జూలై 4వ తేదీన బీదతనంలోనే కన్నుమూసినారు. ఆయన బొమ్మతో తపాలాబిళ్ల 2009లో గాని వెలువడలేదు. ఆయన చివరి కోరిక ఒకటి తెలుగునాట ప్రసిద్ధమైనది. తన దేహంపై మూడురంగుల జెండా కప్పాలని, శ్మశానం చేరిన తరువాత దానిని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టాలని ఆయన కోరినారని చెబుతారు. విదురాశ్వత్థం సంగతి చదివిన తరువాత ఈ మాట మరల గుర్తుకు వచ్చినప్పుడు మా ఒడలు జలదరించింది. అశ్వత్థమన్నా రావి అన్నా ఒకటే గదా. గీసినవాడు తన జెండాకు కోరుకొన్న చోటు, కూలినవారు జెండా ఎత్తబోయిన చోటు, రెండూ రావిచెట్టు నీడనే.

ఇకముందు మా ఆగస్టు 15 సభలో చెప్పే మాట మార్చుకోవాలని నిశ్చయించుకొన్నాము. "ఈ జెండాను గీసినవారిలో తెలుగువాడు మొదటివాడు. దానిని నిలిపినవారిలో ఈ కోలారు జిల్లా పల్లెలవారు ఉన్నారు" అని రెండు మాటలూ కలిపి చెప్పాలి. ఉగాది వెళ్లిన కొన్నాళ్లకే ఏప్రిల్ 25 వస్తుంది. ఆనాటి సాయంత్రం సంఘపు ముంగిట ఒక దీపం వెలిగించి, ఊరిపేరు తప్ప తమ పేరు లోకానికి తెలియని ఆ రైతులను తలచుకోవాలి. ఆ దీపం వెలిగించడానికి మా వీధి చివరి పెద్దాయననే పిలుస్తాము.

వేపపూత చేదు, బెల్లం తీపి ఒకే గిన్నెలో కలిపి తినడం మనకు అలవాటే. మన జెండా కథ కూడ అటువంటిదే. గర్వపడవలసినది ఉన్నది, కన్నీరు పెట్టవలసినది ఉన్నది. ఒకటి ఉంచుకొని రెండవది పారవేస్తే అది ఉగాది పచ్చడి కాదు.

పాఠకులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.